మోటీ వద్దు, నానీ చాలే

మా గుంటూరు వైపు తాపీ అంటే మేస్త్రీ చేతిలో పనిముట్టు. తాపీగా అంటే నింపాదిగా. సూరత్‌లో తాపీ అంటే నది. రెండువేలు దాటిన తొలి ఏళ్ళలో మా ఆయనకు అక్కడి బ్యాంకుకు బదిలీ అయినప్పుడు, ‘ఇక మేము తాపీ దగ్గరుంటాం’ అని అమ్మకు ఫోన్లో చెబితే, ఇంకా గోడలకు పూత పడని ఇంట్లో దిగామనుకుని ఆవిడ బెంగపడింది. ఆ బెంగ తీర్చడానికి ఇంకో రెండు ఫోన్లు చేయాల్సి వచ్చింది. ఒక్క మాట ఊరు మారితే ఎంత అల్లరి చేస్తుందో అప్పుడే బుద్ధి తెచ్చుకోవాల్సింది. నేను తెచ్చుకోలేదు.

ఎందుకంటే నాకు హిందీ వచ్చు. వచ్చు అంటే మామూలుగా కాదు. స్కూల్లో ఉండగానే హిందీ పరీక్షలన్నీ వరసపెట్టి రాసి, ఫస్టు క్లాసులో పాసై, ఆ సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని కాపురానికి వచ్చినదాన్ని. సూరత్‌లో దిగిన రోజు ఆటో అతనితో ‘కృపయా యహాఁ రుకియే’ అన్నాను. అతను ఆపలేదు సరికదా, వెనక్కి తిరిగి నన్ను తేరిపార చూశాడు. నా హిందీకి ముచ్చటపడ్డాడనుకున్నాను. గుజరాతీ నేర్చుకోమని మా ఆయన చెబితే, “హిందీ వచ్చినవాళ్ళకి గుజరాతీ ఎంతసేపు, చెవిన పడుతుంటే అదే వస్తుంది” అని కొట్టిపారేశాను.

బ్యాంకుకు నడిచి వెళ్ళొచ్చని బమ్రోలిలో ఇల్లు తీసుకున్నాం. గోడకు అవతలి వాటాలో జగిత్యాల వైపు నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. అబ్బాయి పాండేసరలో బట్టలకు రంగులద్దే మిల్లులో పనిచేసేవాడు. సాయంత్రం సైకిలు దిగేసరికి అతని మోచేతులు చూస్తే ఆ రోజు ఏ రంగు బట్ట నడిచిందో చెప్పొచ్చు. ఒకరోజు వంకాయ, ఒకరోజు పసుపు. అతన్ని నేను తమ్ముడూ అనేదాన్ని, అతని తల్లిని పెద్దమ్మా అనేదాన్ని. అతని భార్యకు ఇరవై ఏళ్ళుంటాయేమో. తొలి చూలు, అయిదో నెల. నన్ను అక్కా అని పిలిచేది. అత్తాకోడళ్ళిద్దరికీ హిందీ అంతంతమాత్రం, నాకేమో ఆ గోడ పక్కన హిందీ పండితురాలినన్న పేరు. ఆ పేరంటే నాకు ఎంత మోజో ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఆ పిల్లకు మూడో నెల నుంచీ తిన్నదల్లా వాంతే. అన్నం చూస్తే వాంతి, పప్పు పోపు వాసనకు వాంతి. ఒక్క చేపల పులుసు మాత్రం కడుపులో నిలిచేది. మిల్లుకు సెలవున్న రోజు తమ్ముడు స్నేహితులతో గాలం పట్టుకుని తాపీకి వెళ్ళేవాడు. నదికి అడ్డంగా కట్టిన కాజ్‌వేకి కింది వైపు సముద్రపు పోటు వస్తుంది, పైవైపు మంచినీళ్ళు. వాళ్ళు పైకి వెళ్ళేవాళ్ళు. పగలంతా కూర్చుని ఏదో ఒకటి పట్టుకొచ్చేవాళ్ళు. ఆ పిల్ల ఆ ఒక్కపూట కడుపునిండా తినేది, మేమంతా చుట్టూ కూర్చుని ఆమె తినడాన్నే చూసేవాళ్ళం.

ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిన రోజు తమ్ముడికి పగటి షిఫ్టు పడింది. “అక్కా, జర నువ్వు రావా? డాక్టరమ్మ ఏమంటదో నాకు సమజ్ గాదు” అంది ఆ పిల్ల. పిలవడమే ఆలస్యం, ఇస్త్రీ చీర కట్టుకుని బయల్దేరాను.

డాక్టరమ్మ గుజరాతీ ఆవిడ, శాకాహారి. బయట బెంచీల నిండా జనం. ఏం తింటోందని ఆవిడ హిందీలోనే అడిగింది. నది చేపలని చెప్పాను. ఆవిడ కలం ఆపి, తొందరలో కాబోలు సొంత భాషలోకి దిగిపోయి, “మోటీ మాఛ్‌లీ నహీ ఖావానీ. ఏమా పారో హోయ్. నానీ చాలే” అంది. ఆ వెంటనే, “సమజ్ పడీ?” అని నా మొహంలోకి చూసింది.

“హాఁ జీ” అన్నాను. ఒక్క క్షణం కూడా ఆగలేదు.

బయటికి వచ్చి ఆ మూడు ముక్కల్నీ నా హిందీతో విప్పాను. మోటీ అంటే లావు. లావు చేప అంటే కొవ్వు పట్టిన చేప, అది తినకూడదు. పారో అంటే హిందీలో పారా. నిఘంటువులో దాని మొదటి అర్థం పాదరసం. అది నాకు తెలుసు. కానీ పాదరసం థర్మామీటరులో ఉంటుంది గానీ చేపలో ఎందుకుంటుంది? కోపంతో ఒళ్ళు వేడెక్కితే ‘పారా చఢ్ గయా’ అంటారు కాబట్టి, ఇక్కడ వేడి అన్నమాట. కొవ్వు చేప వేడి చేస్తుంది. ఇక నానీ అంటే అమ్మమ్మ, చాలే అంటే నడుస్తుంది. అమ్మమ్మ వండిన తీరు నడుస్తుంది.

“కొవ్వు చేప తింటే వేడి చేస్తుందట. కొవ్వు లేనివి, మీ అమ్మమ్మ వండినట్టు వండుకుని తినమంది” అని చెప్పాను. నాకు నేనే నూటికి నూరు మార్కులు వేసుకున్నాను.

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. “మా అమ్మమ్మ కడుపుతోటున్నోళ్ళకు కొర్రమట్టనే పెడ్తుండె అక్కా!” అంది. మేము కొర్రమీను అంటాం, వాళ్ళు కొర్రమట్ట అంటారు. పొడుగ్గా, నల్లగా, ఒంట్లో కొవ్వు లేకుండా ఉంటుంది. నా అనువాదానికి అతికినట్టు సరిపోయింది.

అప్పటి నుంచి గాలానికి పని ఖరారైంది. పొట్టలో పసుపుపచ్చటి కొవ్వుండే బొచ్చె చేప పడితే స్నేహితులకు ఇచ్చేయడం, కొర్రమట్టో, మీసాల వాలుగో పడితే ఇంటికి తేవడం. ఎంత పెద్దది పడితే అంత సంబరం. పెద్దమ్మ ఉప్పేసి బండ మీద బరబరా రుద్ది, జిగురంతా పోయేదాకా నీళ్ళు మార్చి మార్చి కడిగేది. ఉల్లిగడ్డలు కాల్చి నూరి, చింతపండు పిసికి, మెంతులు వేసి దించితే ఆ వాసనకు మా వాటాలో మా ఆయన పేపరు పక్కన పెట్టేవాడు. తల, నడుము ముక్కలు కోడలికి. వేలెడంత పరిగెలు వస్తే నాకూ పెద్దమ్మకూ వేపుడు. ఆ పిల్ల చెంపలు నిండుతుంటే ఆ ఘనతలో సగం నాదేనని నేను లోలోపల మురిసిపోయాను. అలా ఎనిమిది వారాలు గడిచాయి.

తొమ్మిదో వారం పాత చీరకు జరీ పట్టీ కొనడానికి సలాబత్‌పురా వెళ్ళాను. కొట్టతను రెండు చుట్టలు తీసి నా ముందు పరిచాడు. ఒకటి జానెడు వెడల్పు, ఉల్లిపొర లాగా పలచన. ఇంకోటి వేలెడు వెడల్పు, దిట్టంగా ఉంది. “బేన్, మోటీ జోఇయే కే నానీ?” అన్నాడు.

కొట్లో అమ్మమ్మను అమ్ముతాడేమిటని నవ్వొచ్చింది. మోటీ ఏదో చూపించమన్నాను. అతను ఆ పలచటి చుట్ట నా చేతిలో పెట్టాడు. “ఇది మోటీ ఎలా అవుతుంది? ఇంత పలచగా ఉంటే!” అని నా పరీక్షల హిందీలో నిలదీశాను. అతను ఓపిగ్గా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. “బేన్, హమారే మే మోటీ మత్‌లబ్ బడీ. నానీ మత్‌లబ్ ఛోటీ.”

వాళ్ళ భాషలో మోటీ అంటే పెద్దది. నానీ అంటే చిన్నది.

నేను ఆ చుట్ట పట్టుకుని నిలబడిపోయాను. పెద్ద చేప తినకూడదు. అందులో పాదరసం ఉంటుంది. చిన్నదైతే ఫరవాలేదు. డాక్టరమ్మ చెప్పింది ఇంతే. నేను సరిగ్గా తలకిందులుగా చెప్పాను. కొట్టతను ఎన్ని మీటర్లు కావాలని అడుగుతున్నాడు. ఏమీ వద్దని బయటికి వచ్చేశాను. కొర్రమీను పెట్టింది పెద్దమ్మే అయినా, పెట్టించింది నేను.

ఇంటికి పోకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్ళాను. ఈసారి సిగ్గు విడిచి, “నాకు గుజరాతీ రాదు, హిందీలో మెల్లగా చెప్పండి” అన్నాను. ఈ ఒక్క వాక్యం రెండు నెలల క్రితం నోట్లోంచి ఊడిపడి ఉంటే ఎంత బాగుండేది.

డాక్టరమ్మ మెల్లగానే చెప్పింది. పాదరసం నీళ్ళలో కలిస్తే కంటికి కనపడదట. నీటిలోని నలుసుల్లోకి, వాటిని తిన్న చిన్న చేపల్లోకి, వాటిని మింగే పెద్ద చేపల్లోకి పోతూ, పోయినకొద్దీ ఎక్కువవుతుందట. చేపల్నీ కప్పల్నీ వేటాడి తినే పెద్ద చేప ఏళ్ళ తరబడి దాన్ని ఒంట్లో పోగేసుకుంటుంది. తిన్న తల్లి నుంచి అది కడుపులో బిడ్డకు చేరుతుంది. అప్పుడప్పుడే తయారవుతున్న మెదడుకు చేటు. “మన నది చేపల్లో ఎంతుందో, అసలుందో లేదో ఎవరూ పరీక్షించి నాకు చెప్పలేదు. తెలియనప్పుడు జాగ్రత్తగా ఉండమనే చెబుతాను” అంది. చేప మానేయక్కర్లేదు, బిడ్డకు మంచిదే. ఆ నదిదైతే చిన్నది, వారానికి ఒక్క పూట, ఆ వారం ఇంకే చేపా వద్దు.

“ఎనిమిది వారాలు తినేసింది” అన్నాను.

“ఇప్పుడు ఆపండి. మెల్లగా ఒంట్లోంచి పోతుంది. ఏమీ కాకపోవచ్చు. కాదని మాత్రం మాటివ్వలేను” అంది ఆవిడ.

ఇల్లు చేరేసరికి పక్క వాటా ముందు సందడి. తమ్ముడికి ఆ రోజు సెలవు. బకెట్లో కొర్రమట్ట కొట్టుకుంటోంది, తోక బయటికి వేలాడుతోంది. “అక్కా, సూడు, నా చెయ్యంత ఉన్నది!” అన్నాడు, చెయ్యి పక్కన పెట్టి కొలిచి చూపిస్తూ. పెద్దమ్మ బండ కడుగుతోంది. ఆ పిల్ల గడప మీద కూర్చుని ఉల్లిగడ్డలు వొలుస్తోంది. ఒక్క క్షణం, చెప్పకుండా ఊరుకుని, ఇంకేదైనా సాకుతో ఆ చేప మాన్పించవచ్చు కదా అనిపించింది. ‘డాక్టరమ్మ మాట మార్చింది’ అంటే సరి. నాలుక చివరి దాకా వచ్చింది కూడా. ఆ పిల్ల నన్ను చూసి నవ్వింది. అబద్ధం అక్కడే ఆగిపోయింది.

“పెద్దమ్మా, కోయకండి. నేను తప్పు చెప్పాను” అన్నాను. ఉన్నదున్నట్టు చెప్పాను. మోటీ, నానీ, పారో, అన్నీ.

“గిదేంది బిడ్డా!” పెద్దమ్మ బండ మీదే చతికిలబడింది. “ఉప్పేసి రుద్దుత, ఏడు నీళ్ళు కడుగుత. అయినా పోదా గది?”

“పోదు పెద్దమ్మా. కడిగినా, వేయించినా, కొవ్వు తీసేసినా పోదు. అది కండలోనే ఉంటుందట.”

తమ్ముడికి నమ్మకం కలగలేదు. “మిల్లుల రంగునీళ్ళు పారే ఖాడీ వాగు దిక్కు మేం సూడనే సూడం అక్కా. తాపీల నీళ్ళు సాఫ్ ఉంటయి. రంగుల పనిజేసెటోణ్ని, ఏమన్న కలిస్తె నా కండ్లకు కనబడదా?” అన్నాడు. ఆ రోజు అతని మోచేతుల మీద నిన్నటి ఆకుపచ్చ ఇంకా ఉంది.

“దానికి రంగు లేదు తమ్ముడూ. వాసనా లేదు.”

అతను తన చేతులవైపు చూసుకున్నాడు. పెద్దమ్మ మాత్రం బకెట్లోకి వంగి, “కప్పలను గూడ మింగుతది గిది, నేను సూసిన” అని సణిగింది. ఆమెకు నాకంటే ముందే అర్థమైంది.

ఆ పిల్ల చేతిలో ఉల్లిగడ్డ అలాగే ఉంది. “అక్కా, నా పిల్లకేమన్న అయితదా?”

“తెలీదమ్మా. డాక్టరమ్మకూ తెలీదు.”

ఆమె ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. చివరికి తల ఎత్తి ఒకే మాట అంది. “సమజ్ గాకుంటె గాలేదని జెప్పద్దా, అక్కా?”

ఇంటికి వచ్చి తలుపేసుకుని ఏడ్చాను. కొర్రమట్టను తమ్ముడు సైకిలు మీద పెట్టుకుని, పెళ్ళాంపిల్లల్ని సొంత ఊళ్ళోనే వదిలి వచ్చిన మిల్లు స్నేహితుల గదికి పట్టుకుపోయాడు. వాళ్ళు వండుకుని తిని, బాగుందని కబురు కూడా పంపారు.

పది రోజులు ఆ పిల్ల నాతో మాట్లాడలేదు. పదకొండో రోజు గోడ మీదుగా, “రేపు దవాఖానకు పోవాలె. వస్తవా?” అంది. వస్తానన్నాను. “సమజ్ గాకుంటె మల్లడుగాలె” అంది. ఆస్పత్రిలో నేను అడిగిన ప్రశ్నలకు డాక్టరమ్మకే పారా చఢ్ గయా. చెప్పిందే మూడుసార్లు చెప్పించాను. ఆ పిల్ల నా పక్కన కూర్చుని, పెదవులు కదుపుతూ తనూ ఆ మాటలు కంఠతా పట్టింది.

ఆ తర్వాత తాపీ నుంచి ఏ చేప వచ్చినా పెద్దమ్మ ముందు తన జానతో కొలిచేది. జాన దాటితే గడప దాటదు. “అమ్మ చెయ్యి చిన్నది అక్కా, నా చెయ్యితోని కొలిస్తె ఏమాయె” అని తమ్ముడు గొణిగేవాడు. వారానికి ఒక్క పూట పరిగెలు, మిగతా రోజులు గుడ్డు, పెసరపప్పు. వాంతులు అప్పటికి తగ్గాయి గనక సరిపోయింది. ఇక నేను, పక్కవీధిలో పాల దుకాణం నడిపే గుజరాతీ ముసలావిడ దగ్గర రోజూ అరగంట కూర్చుని ఆ భాష నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఒకటో తరగతి నుంచి. తప్పు మాట్లాడితే ఆవిడ గట్టిగా నవ్వేది. నాకు కోపం వచ్చేది కాదు.

వానాకాలంలో ఆడపిల్ల పుట్టింది. అందరూ రంగు చూశారు, ముక్కు చూశారు. నేను కళ్ళు చూశాను. నా గాజుల చప్పుడుకు తల తిప్పుతోందా, దీపం వెంట చూపు తిరుగుతోందా, నవ్విస్తే నవ్వుతోందా. “పిల్లను గట్ల సూడకు బిడ్డా, దిష్టి తగుల్తది” అని పెద్దమ్మ కసురుకునేది. ఎందుకు చూస్తున్నానో ఆమెకూ తెలుసు. బోర్లాపడింది, పాకింది, ఏడాది దాటగానే నడిచింది. మాటలు మాత్రం రాలేదు. ఏడాదిన్నరకు అమ్మ, బువ్వ, అంతే. కొందరికి ఆలస్యమవుతుంది, కంగారు పడొద్దని డాక్టరమ్మ అంది. నాకు అన్నం సహించేది కాదు. గోడ అవతల ఆ పిల్ల తన కూతురితో గంటలు గంటలు మాట్లాడుతూ ఉండేది. చేపలు కడుగుతూ, కొలుస్తూ, డాక్టరమ్మ మాటల్ని పాటలాగా పాడుతూ. జవాబు మాత్రం వినపడేది కాదు. ఆ రెండేళ్ళలో నా మీద ఆమె ఒక్క మాట తూలలేదు. అది ఇంకా కష్టంగా ఉండేది.

పాపకు రెండేళ్ళు నిండబోతున్న రోజుల్లో ఒక ఉదయం చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఒకావిడ మా వీధిలోకి వచ్చింది. ఊరి బయటి చెరువు చేపలంది. మేమిద్దరం బయటికి వచ్చాం, పాప వాళ్ళమ్మ చంకలో ఉంది. బుట్టావిడ ఒక చేత్తో మూరెడు చేపనూ, ఇంకో చేత్తో గుప్పెడు చిన్నవాటినీ ఎత్తి పట్టుకుని, మమ్మల్ని కాదు, పాపను అడిగింది. “బోల్ బేటా, మోటీ కే నానీ?”

పాప పెద్ద చేపను చూసింది. చిన్నవాటిని చూసింది. వేలు చాపింది.

“మోతీ నై,” అంది. “నానీ తాలే.”

బుట్టావిడ పకపకా నవ్వి చిన్నవి తూకం వేయసాగింది. ఆ పిల్ల నావైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు, పెదాల మీద ఎప్పటి అల్లరో. “విన్నవా అక్కా? సమజైందా?” అంది.

అయింది. నాకొచ్చిన భాషలన్నిట్లోనూ అయింది.

“కాలేదు,” అన్నాను. “మళ్ళీ చెప్పమను.”